మెట్టూరు కరెంటు నుంచి కళ్యాణి డ్యాము దాకా

మీరు అడిగినవి మూడు. అరణియారు, కళ్యాణి, కృష్ణాపురం, బాహుదా, పెద్దేరు అంటూ ఇన్ని డ్యాములున్న ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏ డ్యాము దగ్గర ఎంత కరెంటు తయారవుతోంది అన్నది మొదటిది. మీ తాతగారు బల్బు వెలిగినప్పుడల్లా "మెట్టూరు కరెంటు వచ్చింది" అని ఎందుకనేవారు అన్నది రెండోది. మీ ఊరి చెరువు తూముకు చిన్న టర్బైను బిగిస్తే వీధి దీపాలకు సరిపోతుందా అన్నది మూడోది. నేను 1977లో విద్యుత్తు బోర్డులో చేరి, తిరుపతి, పుత్తూరు, మదనపల్లె చుట్టూ తిరిగి, 2011లో రిటైరయ్యాను. మీ మొదటి ప్రశ్న చదివి కొంచెం నవ్వుకున్నాను. తప్పుగా అనుకోవద్దు, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ మా పై అధికారిని ఇదే అడిగి చీవాట్లు తిన్నాను.

మన జిల్లాలో చెప్పుకోదగ్గ జలవిద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు. మీరు పేర్లు రాసిన డ్యాములన్నీ సాగుకో తాగునీటికో కట్టినవి. నిజం చెప్పాలంటే మన దగ్గర నీళ్లు కరెంటును ఇవ్వవు, తింటాయి. మీరు రాయబోయే చరిత్రకు ఇదే అసలు కథ అని నా అభిప్రాయం.

డ్యాము అనగానే గేట్లు, కింద పవర్‌హౌసు, కొండ మీదుగా వెళ్లే హైటెన్షన్ తీగలు కళ్ల ముందు మెదలడానికి శ్రీశైలం, నాగార్జునసాగర్ కారణం. పాఠ్యపుస్తకాల నిండా ఆ బొమ్మలే. నీళ్ల నుంచి కరెంటు రావాలంటే రెండు కావాలి: నీళ్లు, అవి పడే ఎత్తు. ఆ ఎత్తును మా వాళ్లు హెడ్డు అంటారు. ఒక్క లెక్క గుర్తు పెట్టుకోండి. వెయ్యి లీటర్ల నీళ్లు 367 మీటర్ల ఎత్తు నుంచి పడితే ఒక యూనిట్. అదీ ఒక్క చుక్క శక్తి కూడా వృథా కాకపోతే. గొట్టాల్లో రాపిడి, టర్బైను, జనరేటరు తలా కొంత మింగేశాక నూటికి ఎనభై ఐదు పాళ్లు దక్కితే మంచి యంత్రం కిందే లెక్క.

ఇప్పుడు కళ్యాణి డ్యామునే చూడండి. చంద్రగిరి మండలం రంగంపేట దగ్గర, స్వర్ణముఖిలో కలిసే కళ్యాణి ఏటి మీద 1977లో కట్టారు. పూర్తిగా నిండితే రెండున్నర కోట్ల ఘనపు మీటర్లు, అంటే ఒక టీఎంసీకి కాస్త తక్కువ. సగటున 30 మీటర్ల హెడ్డు దొరుకుతుందనుకుందాం. నిండిన డ్యామును అడుగంటా టర్బైనులోంచి వదిలినా వచ్చేది 17 లక్షల యూనిట్లు. చిన్న సంఖ్యేమీ కాదని మీకనిపించవచ్చు. శ్రీశైలం కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రాలు ఏడున్నాయి. అందులో ఒక్కటి పదహారు గంటలు తిరిగితే ఆ 17 లక్షలూ వచ్చేస్తాయి. పైగా కళ్యాణి ఏటా నిండదు. నిండని ఏళ్లే ఎక్కువ.

మన ఏర్ల స్వభావమే అంత. స్వర్ణముఖి, అరణి, కుశస్థలి, నీవా, బాహుదా, పాలారు... అన్నీ వాన పడితే పారతాయి, లేకపోతే ఇసుక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, అందులోనూ రెండో మూడో వాయుగుండాలు మన ఏడాది నీటిని తేల్చేస్తాయి. 2021 నవంబరు గుర్తుందా? స్వర్ణముఖి ఊళ్ల మీద పడింది. రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లవాళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఆ వారంలో సముద్రానికి పోయిన నీళ్లకు విద్యుత్ లెక్క కడితే బోలెడు యూనిట్లు తేలతాయి. వారం రోజుల వరద కోసం ఎవరు టర్బైను కొంటారు? జలవిద్యుత్తుకు కావలసింది ఏడాదిలో ఎక్కువ రోజులు నిలకడగా వచ్చే నీరు. అది మన ఏర్లకు లేదు. ఇదే కారణంతో తలకోన గురించి కూడా ఆశ పెట్టుకోవద్దు. 270 అడుగుల జలపాతం, చూడటానికి గొప్పగా ఉంటుంది, ఎండాకాలం వెళ్తే రాతి మీద తడి మాత్రం కనిపిస్తుంది.

ఇక మీ తాతగారి మాట. అది అక్షరాలా నిజం.

అయితే మెట్టూరు కన్నా ముందు ఇంకో కథ ఉంది, మన పడమటి సరిహద్దు అవతల. కావేరి మీద శివసముద్రం దగ్గర మైసూరు సంస్థానం జలవిద్యుత్ కేంద్రం కట్టింది. దివాను శేషాద్రి అయ్యర్ హయాంలో మొదలైన పని, పూర్తయ్యేనాటికి ఆయన లేరు. 1902 జూన్‌లో అక్కడి నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు వెళ్లింది. దూరం సుమారు 147 కిలోమీటర్లు. అంత దూరం తీగల మీద కరెంటును పంపడం ఆ రోజుల్లో ప్రపంచంలోనే పెద్ద సాహసం. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. అంటే ఊళ్లో జనానికన్నా మూడేళ్ల ముందే గనిలోని యంత్రానికి కరెంటు అందిందన్నమాట. కుప్పం, వి.కోట వైపు నుంచి ఆ గనుల్లో పనికి వెళ్లిన కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పగలంతా గనిలో కరెంటు యంత్రాల మధ్య పనిచేసి, ఇంటికొచ్చి ఆముదం దీపం కిందనో కిరసనాయిలు బుడ్డి కిందనో అన్నం తినేవాళ్లు. సరిహద్దు అవతల సంస్థానం, ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ తీగ ఇవతలికి రాలేదు.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, మద్రాసు ప్రెసిడెన్సీలో. ఆ ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1932లో నీలగిరుల్లో పైకారా కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది. కావేరి మీద మెట్టూరు డ్యాము 1934లో పూర్తయింది. దాని కింది పవర్‌హౌసు 1937లో మొదలైంది. అక్కడ 10 మెగావాట్ల యంత్రాలు ఒక్కొక్కటిగా నాలుగు వచ్చాయి. ఇవాళ ఒక్క పెద్ద గాలిమరే ఐదారు మెగావాట్లు ఇస్తోంది కాబట్టి ఆ అంకె మీకు ఆనకపోవచ్చు. అప్పట్లో అది ఊళ్లకు ఊళ్లను వెలిగించింది. మెట్టూరు తీగలు ఉత్తర ఆర్కాటు మీదుగా మన వైపుకు పాకాయి. అందుకే మీ తాతగారి నోట ఆ పేరు. ఒకే ఇబ్బంది. మెట్టూరు డ్యాము కట్టింది తంజావూరు డెల్టా వరి కోసం. కాలువకు నీళ్లు వదిలితేనే టర్బైను తిరుగుతుంది. జనవరి చివర్లో మూసేస్తే ఆనవాయితీగా జూన్ 12న మళ్లీ తెరిచేవాళ్లు. ఆ లోటు పూడ్చడానికే పైకారానూ మెట్టూరునూ తీగలతో కలిపారు. తంజావూరులో నాట్లు ఆలస్యమైతే చిత్తూరులో బల్బు వెలుగు తగ్గే రోజులవి. కొంచెం అతిశయోక్తే, కానీ పూర్తిగా అబద్ధం కాదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాష్ట్రం మారినంత సులువుగా తీగలు మారవు. మెట్టూరూ పైకారా తమిళుల వైపు ఉండిపోయాయి. మన భాగానికి వచ్చింది అప్పటికి ఇంకా కడుతున్న మాచ్‌ఖండ్, తుంగభద్ర. మాచ్‌ఖండ్ ఒరిస్సా సరిహద్దులో 1955లో మొదలైంది, అది విశాఖ వైపు సంగతి. తుంగభద్ర పవర్‌హౌసులు 1957 నుంచి ఒక్కొక్కటే వచ్చాయి, అందులో మనకు ఐదింట నాలుగు వంతులు, కర్ణాటకకు ఒక వంతు. అది రాయలసీమకు దక్కిన మొదటి సొంత జలవిద్యుత్తు అనవచ్చు. ఆ దాకా, ఆ తరువాత కొంతకాలం కూడా, మన జిల్లాకు మద్రాసు వైపు నుంచి కొన్న కరెంటే ఆధారం. రాష్ట్రం వచ్చాక కూడా మీ తాతగారు మాట మార్చుకోకపోవడంలో తప్పేమీ లేదు.

మా ఊరు నారాయణవనం దగ్గర. మా పొలంలో కపిల బావి ఉండేది. తెల్లవారుజామున మా నాన్న ఎద్దులను కట్టి కపిల తోలుతుంటే గిలక చప్పుడుకు మెలకువ వచ్చేది. తోలు బాన నిండా నీళ్లు పైకి వచ్చి కాలువలోకి ఒలికేటప్పుడు ఒక రకమైన వాసన, తడి తోలు, నాచు కలిసినది, ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నాకు పదకొండేళ్లప్పుడు ఐదు హార్స్‌పవరు మోటారు వచ్చింది. స్టార్టరు పెట్టె మీద పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పచ్చ బటను నొక్కారు. మోటారు ఒక్కసారి గుర్రుమని, గొట్టంలో గాలి దగ్గి, తరువాత మణికట్టు లావు నీటిధార బయటికి దూకింది. మా నాన్న దాన్ని చూడలేదు, ఎద్దుల వైపు చూస్తున్నారు. మరుసటి ఏడాది సంతలో అమ్మేశారు. మా అవ్వ మటుకు ఆ నీళ్లు తాగేది కాదు. "కరెంటు తీసేసిన నీళ్లలో బలం ఏముంటుంది?" అనేది. ఆ మాట మా ఒక్క ఊళ్లోనే కాదు, ఉద్యోగంలో చేరాక ఇంకో నాలుగైదు ఊళ్లలో విన్నాను. డ్యాము దగ్గర నీళ్లలోంచి కరెంటు తీస్తారు కాబట్టి నీళ్లు పిప్పి అయిపోతాయని నమ్మకం. టర్బైను నీటి నుంచి తీసుకునేది ఎత్తు నుంచి పడే వేగాన్నే, నీళ్లు నీళ్లుగానే కిందికి వెళ్లి వరికి పారతాయని మా అవ్వకు చెప్పడానికి ఇంజనీరింగు చదువు పనికిరాలేదు.

శ్రీశైలానికి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే మొదటి యంత్రం తిరిగింది 1982లో. మరుసటి ఏడాది శిక్షణ కోసం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. కుడిగట్టు పవర్‌హౌసులో యంత్రం తిరుగుతున్నప్పుడు అరికాళ్ల కింద నేల సన్నగా వణుకుతుంది, వేడి నూనె వాసన వస్తుంది, పక్కవాడి చెవిలో అరిస్తే తప్ప వినిపించదు. మన మోటార్లకు అసలు పుట్టినిల్లు ఇది కదా అనుకున్నాను. పదేళ్ల పాటు ఆ మాట సగం నిజంగానే నడిచింది. కృష్ణలో నీళ్లున్న ఏడాది మన రైతుకు కరెంటు ఫరవాలేదు, లేని ఏడాది కోత. ఎగువన మహాబలేశ్వరంలో వాన పడకపోతే వాయల్పాడులో టమాటా ఎండేది. 1994లో ముద్దనూరు థర్మల్ కేంద్రం వచ్చాక బొగ్గుది పైచేయి అయింది. శ్రీశైలం, సాగర్‌లను ఇప్పుడు ఎక్కువగా సాయంత్రం గిరాకీ పెరిగినప్పుడు ఆదుకోవడానికి వాడుతున్నారు. బొగ్గు బాయిలరు వేడెక్కడానికి గంటలు పడితే, జలవిద్యుత్ యంత్రం కొన్ని నిమిషాల్లో అందుకుంటుంది.

కోతల కాలంలో మోటార్లు తిరగడానికి కావలసిన త్రీఫేజు కరెంటును రాత్రి పూట ఇచ్చేవాళ్లం. ఇచ్చేవాళ్లలో నేనూ ఒకడిని కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది. రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరికి పోవడం, పాము కాటుకు బలి కావడం నేను పనిచేసిన ప్రతి సెక్షనులోనూ జరిగింది. కరెంటు రేటు చవక కావడం, 2004 నుంచి ఉచితం కావడం, బావులు ఎండి బోర్లు దిగడం ఒకదాని వెనక ఒకటి జరిగాయి. పడమటి మండలాల్లో వెయ్యి అడుగుల బోరు ఇప్పుడు వింత కాదు. అంత లోతు నుంచి వెయ్యి లీటర్లు తోడటానికి, పంపు సామర్థ్యం సగమే అనుకుంటే, ఒకటిన్నర యూనిట్ల పైనే కావాలి. ఆ రైతు పొలంలో ఒక కొండ ఉంది, తలకిందులుగా.

నిటారుగా ఉన్న కొండ సంగతికి వద్దాం. కళ్యాణి డ్యాము నీళ్లు తిరుపతికే కాదు, తిరుమలకూ వెళ్తాయి. కిందనున్న డ్యాము నుంచి ఏడు కొండల పైకి! తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. దశలవారీగా పంపులు పెట్టి సుమారు 600 మీటర్లు ఎక్కించాలి. వెయ్యి లీటర్లకు రెండు యూనిట్ల పైనే అవుతుంది. ఇంకోలా చెప్పాలంటే, ఇరవై లీటర్ల క్యాను ఒకటి కొండెక్కడానికి అయ్యే కరెంటుతో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఐదు గంటలు వెలుగుతుంది. కొండ మీదే గోగర్భం, పాపవినాశనం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార డ్యాములు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. వాటిలో పాపవినాశనం పెద్దది, 5,240 లక్షల గ్యాలన్లు. అయితే దాని పూర్తి నీటిమట్టం 697 మీటర్లు, ఊరికన్నా బాగా కింద. కాబట్టి ఆ నీళ్లనూ పైకి తోడవలసిందే.

ఉద్యోగంలో ఉండగా ఒక కుర్ర ఇంజనీరు నా దగ్గరికి కాగితం పట్టుకొచ్చాడు. పాపవినాశనం నీళ్లను తిరుపతికి వదిలితే 500 మీటర్ల హెడ్డు, పెద్ద పవర్‌హౌసు కట్టవచ్చు అన్నాడు. లెక్క తప్పు లేదు. నిండు డ్యాము మొత్తం వదిలితే 27 లక్షల యూనిట్లు వస్తాయి. "తరువాత భక్తులకు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తావు?" అని అడిగాను. "కళ్యాణి నుంచి పైకి పంపు చేద్దాం సార్" అన్నాడు, అని తనే నవ్వేశాడు. అన్నట్టు, కాకులకొండ మీద గాలిమరలు మీరు చూసే ఉంటారు. ఆ కొండల మీద కరెంటుకు పనికొచ్చేది గాలి, నీళ్లు కాదు.

తెలుగుగంగ కథ వేరు. 1983 ఒప్పందం మద్రాసు తాగునీటి కోసం. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా, వాలు మీదే పారుతూ వచ్చే నీళ్లు కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువలో శ్రీకాళహస్తి, సత్యవేడు దాటి తమిళనాడు సరిహద్దుకు, అక్కడి నుంచి పూండి జలాశయానికి చేరతాయి. తిరుపతి దాహం తీర్చడంలో దానికీ వాటా ఉంది. మరి శ్రీశైలం నీళ్లను కుప్పం దాకా ఎత్తిపోసే హంద్రీ-నీవా? శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. కుప్పం సుమారు 680 మీటర్లు. మధ్యలో ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, మెట్టుమెట్టుకూ పంపుహౌసులు. ఒక టీఎంసీని ఆ 410 మీటర్లు ఎత్తడానికి, దారిలో ఆవిరయ్యేది, ఇంకేది వదిలేసినా, నాలుగు కోట్ల యూనిట్ల పైన కావాలి. అదే టీఎంసీని శ్రీశైలం టర్బైనులోంచి వదిలితే అర కోటి యూనిట్లు వస్తాయి. వచ్చేదానికి ఎనిమిది రెట్లు ఖర్చు. ఇది దుబారా అని నేను అనను. కుప్పంలో ఎండిన చెరువు పక్కన నిలబడినవాడితో యూనిట్ల లెక్క మాట్లాడలేం. కానీ మీ చరిత్రలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి. కాలువ తవ్విన ఖర్చు అందరూ రాస్తారు, ఏటా వచ్చే కరెంటు బిల్లు ఎవరూ రాయరు.

చివరిగా మీ చెరువు. కాలువ వాలు మీద చిన్న జలవిద్యుత్ కేంద్రాలు లేకపోలేదు. ఉమ్మడి పశ్చిమ గోదావరిలో చెట్టిపేట దగ్గర ఒక మెగావాటుది, అనంతపురం జిల్లాలో పెన్న అహోబిలం దగ్గర 20 మెగావాట్లది ఉన్నాయి. రెండింటికీ వెనక పెద్ద నది నీళ్లున్నాయి, ఒకదానికి గోదావరి, ఇంకోదానికి తుంగభద్ర. మీ చెరువు తూము దగ్గర మూడు మీటర్ల హెడ్డు, సెకనుకు వంద లీటర్ల నీరు అనుకుందాం. చిన్న యంత్రాలు సామర్థ్యంలో నాసిరకం, అరవై పాళ్లు వేసుకోండి. వచ్చేది కిలోవాటున్నర పైన, రెండు లోపు. ఇరవై వాట్ల వీధి దీపాలు ఎనభై దాకా వెలుగుతాయి. సంతోషమే. కానీ దీపాలు కావలసింది రాత్రి, చెరువు నీళ్లు పంచే నీరుగంటి తూము తెరిచేది పైరుకు కావలసినప్పుడు. వరి కోతకు రాగానే తూము మూసేస్తాడు. చెరువు నిండి మరవ పారని ఏడాది తెరవనే తెరవడు. పైగా తూములో కొట్టుకొచ్చే ఆకులు, గుడ్డపీలికలు, ప్లాస్టిక్కు టర్బైను రెక్కలకు చుట్టుకుంటాయి, రోజూ ఒక మనిషి జాలీ శుభ్రం చేయాలి. ఆ డబ్బుతో పంచాయతీ ఆఫీసు కప్పు మీద సోలారు పలకలు పెట్టుకుంటే నీరుగంటితో తగాదా ఉండదు.

అయినా బడిపిల్లలకు చూపించడానికి ఒకటి పెడతామంటే నేను కాదనను, వచ్చి బిగించడంలో సాయం చేస్తాను. తూము నుంచి కాలువ అడుగు దాకా ఎత్తు ఎంతో టేపుతో కొలిచి, కిందటి ఏడాది తూము ఏ నెలలో తెరిచారో, ఏ నెలలో మూశారో నీరుగంటిని అడిగి రాయండి. మీ తాతగారి ఇంట్లో పాత మీటరు పలక ఇంకా గోడకు ఉంటే దాన్నీ ఫోటో తీసి పంపండి, ఆ రోజుల్లో మీటరు మీద సరఫరా చేసినవాళ్ల పేరు ఉండేది.